48 రీముల రామనామం

కోటి ఎంతో నేను కాగితం లెక్కలోనే చెప్పగలను. మా కొట్టు రామకోటి పుస్తకంలో పేజీకి 108 గళ్ళు. గడికో నామం చొప్పున కోటి నిండాలంటే 92,593 పేజీలు కావాలి. రెండొందల పేజీల పుస్తకాలైతే 463. ఫుల్‌స్కేపు తావుని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి 23 వేల పైచిలుకు తావులు. 24 తావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము. ఆ లెక్కన ఒక్క మనిషి రామకోటికి 48 రీములు దాటి కాగితం పడుతుంది. రాజమండ్రిలో మా నాన్న నోటుపుస్తకాల కొట్టు పెట్టిన కొత్తలో వెనక గదిలో అంత సరుకు ఎప్పుడూ ఉండేది కాదు.

మా దగ్గర కొనేవాళ్ళలో రోజుకో పేజీ రాసేవాళ్ళే ఎక్కువ. ఆ వరసన కోటి పూర్తవడానికి 253 ఏళ్ళు పడుతుంది. రోజుకి వెయ్యి రాసే గట్టివాళ్ళకైనా 27 ఏళ్ళ నాలుగు నెలలు. బడి సెలవుల్లో గల్లా పక్కన కూర్చుని ఈ లెక్క వేసి మా నాన్నకి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "లెక్క బాగానే ఉంది గానీ కొనేవాళ్ళకి చెప్పకురా" అన్నారు. బేరాలు పోతాయని భయం కాబోలు అనుకున్నాను. "వాళ్ళు కోటి కోసం కొనట్లేదు" అన్నారు ఆ తర్వాత. అంతకుమించి విడమరచలేదు. ఆ మాట అర్థం కావడానికి నాకు కొట్లో జీవితమంతా పట్టింది.

రామకోటి అనగానే అందరూ అదేదో త్రేతాయుగం నుంచి వస్తున్న ఆచారం అన్నట్టు మాట్లాడతారు. జపం పాతదే, సందేహం లేదు. రాయడం మాత్రం అంత పాతది కాదని నా నమ్మకం. నేను పండితుణ్ణి కాను. కాగితం, సిరా, బడి ఈ మూడూ ఎప్పుడెప్పుడు జనానికి అందాయో చూసి చెబుతున్న మాట ఇది.

పెద్దపెద్ద సంఖ్యలు వినిపించే కథలన్నీ నోటి జపానివే. సమర్థ రామదాసు నాసిక్ దగ్గర టాక్లీలో పన్నెండేళ్ళు గోదావరి నీళ్ళలో నిలబడి పదమూడక్షరాల రామమంత్రాన్ని (త్రయోదశాక్షరిని) 13 కోట్లు జపించాడంటారు. మన నదే, ఎగువన. కావేరి ఒడ్డున బోధేంద్ర సరస్వతి నామజపాన్నే సిద్ధాంతంగా నిలబెట్టారు. అదే కావేరి ఒడ్డున తిరువయ్యారులో మన త్యాగయ్య 96 కోట్లు పూర్తి చేశాడని సంప్రదాయం చెబుతుంది. రోజుకి లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్ళు. గుణించి చూశాను, 95 కోట్ల 81 లక్షల పైచిలుకు వచ్చింది. కథ చెప్పినవాళ్ళకి లెక్క తెలుసు. అయితే ఇది నాలుకకి, పెదవికి సాధ్యమయ్యే వేగం. కలంతో 'శ్రీరామ' అని రాయడానికి తక్కువలో తక్కువ మూడు సెకన్లు. గంటసేపు తలెత్తకుండా రాస్తే పన్నెండొందలు. లక్షా పాతికవేలు రాయాలంటే నూటనాలుగు గంటలు, రోజులో ఉన్నవేమో ఇరవైనాలుగు. మాలలో పూసలు తిప్పేవాడి కోటి వేరు, గళ్ళు నింపేవాడి కోటి వేరు.

భద్రాచలం రామదాసు సంగతేమిటని అడుగుతారు. కంచర్ల గోపన్న 17వ శతాబ్దపు మనిషి, పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు గుడికి ఖర్చుపెట్టాడని గోల్కొండ సుల్తాను తానీషా కోటలో ఖైదు చేయించాడు. తానీషా ఏలింది 1672 నుంచి 1687 వరకు. ఖైదు పన్నెండేళ్ళని చెబుతారు. గోపన్నకి రామనామం ఉపదేశించింది కబీరుదాసని కూడా చెబుతారు గానీ, కబీరు అప్పటికి రెండొందల ఏళ్ళ ముందటివాడు. కథల్లో కాలాలు అలా కలుస్తుంటాయి, పట్టించుకోనక్కర్లేదు. గోల్కొండ వెళ్ళినవాళ్ళకి ఆ చీకటి కొట్టు చూపిస్తారు. గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలున్నాయి. గోపన్నే చెక్కాడని చెబుతారు. నాకు ఆ కథలో కీర్తనల కన్నా ఆ గోడ మీదే ధ్యాస. నోరు పాడుతూనే ఉంది, అయినా చేతులకి ఏదో పని కావాల్సి వచ్చింది. కష్టంలో ఉన్నవాడికి నోటితో అనుకుంటే సరిపోదు, చెయ్యి ఊరికే ఉండలేదు. కాగితం దొరకనివాడు రాతి మీద చేశాడు.

కాగితానికి ముందు మనకున్నవి తాటాకులు. గంటంతో గీరి, మసి పూసి తుడిస్తే అక్షరం కనబడేది. ఆకులు ఆరబెట్టడం, సమంగా కోయడం, చిల్లు పొడిచి తాడు ఎక్కించడం ఇదంతా తెలిసినవాళ్ళు చేసే పని. భారతమో భాగవతమో ఎక్కించడానికే ఆకు చాలని రోజుల్లో ఒకే మాటని లక్షసార్లు ఎవరు గీరుతారు? వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు, చెరిపి మళ్ళీ దిద్దేవారు. ఇక ఉత్తరమైనా ఖాతా పుస్తకమైనా నెత్తిన 'శ్రీరామ' అని ఒక్కసారి రాసుకోవడం మన పాత అలవాటు. మా నాన్న ఖాతా పుస్తకం కూడా అలాగే మొదలవుతుంది. ఒక్కసారి రాసేదాన్ని గళ్ళు కట్టి కోటిసార్లు రాయడం అన్నది కాగితం చవకయ్యాకే కుదిరింది.

చేతితో చేసిన దేశవాళీ కాగితం దక్కనులో ఎప్పటినుంచో ఉంది. దౌలతాబాదు పక్కన కాగజీపురా అని ఊరికి ఊరే ఆ పనిమీద బతికింది. అది దర్బారు కాగితం, షావుకార్ల పద్దుపుస్తకాల కాగితం. అత్తగారి ఇంట్లో కోడలి చేతికి వచ్చే కాగితం కాదు. మిల్లు కాగితం రావాలి. మా ఊళ్ళో 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైందే ఇవాళ్టి పేపరుమిల్లు. మధ్యలో చేతులు మారింది, పేర్లు మార్చుకుంది. మా ఊరివాళ్ళకి ఎప్పుడూ 'పేపరుమిల్లే'. గాలి అటునుంచి తోలినప్పుడు ఆ వాసన మా కొట్టు దాకా వచ్చేది. కొత్తగా వచ్చిన కోడళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకది ఊరి వాసన. గోదావరి ఎగువ మన్యంలో నరికిన వెదురు ఇక్కడికొచ్చి గుజ్జై కాగితమయ్యేది. అలా అడవిలోంచి వచ్చిన వెదురులో కొంత, గళ్ళనిండా రామనామం నింపుకుని మళ్ళీ భద్రాచలానికే పోయిందని మా నాన్న మురిసిపోయేవారు. తర్వాత సుబాబులు, సరుగుడు వచ్చాయి, ఆ మురిపెం చెల్లలేదు.

కలం సంగతి కూడా మా ఊరిదే. కొసూరి వెంకటరత్నం గారిది స్వర్ణకారుల కుటుంబం. గాంధీగారు స్వదేశీ వస్తువు చెయ్యమన్నారని 1930ల్లో ఫౌంటెన్ పెన్ను చేతితో తయారుచేశారు. పంపిన పెన్ను వాడి చూసి బాగుందని 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. అవే రత్నం పెన్నులు. మా కొట్టు పాత గిరాకీల్లో కొందరు రామకోటికని విడిగా ఒక రత్నం పెన్ను పెట్టుకునేవారు. చాకలిపద్దుకీ పాలలెక్కకీ దాన్ని ముట్టేవారు కాదు.

గాంధీగారి పేరు వచ్చింది కాబట్టి ఒక ముక్క. చిన్నప్పుడు ఆయనకి దయ్యాలంటే హడలు. భయం వేసినప్పుడల్లా రామనామం అనుకోమని ఇంట్లో పనిచేసే రంభ అనే ఆవిడ చెప్పిందని ఆత్మకథలో రాసుకున్నారు. రామభక్తి గురించిన పెద్దపెద్ద వ్యాఖ్యానాలు ఎన్నో ఉన్నాయి. ఆవిడ చెప్పింది మాత్రం చీకట్లో బెదిరిపోయిన పిల్లాడికి వెంటనే పనికొచ్చే ఉపాయం. మా కొట్టుకి వచ్చేవాళ్ళు అడిగేది కూడా అలాంటిదే.

ఆ 1920, 30ల్లోనే దేశంలో ఇంకొన్నిచోట్ల కూడా నామం రాయించడం వ్యవస్థగా మారింది. కాశీలో రామ రమాపతి బ్యాంకు అని ఒకటి ఉంది. డబ్బు ఇవ్వరు, పుచ్చుకోరు. కాగితమూ కలమూ సిరా వాళ్ళే ఇస్తారు. లక్షా పాతికవేల నామాలు 'అప్పు' తీసుకుని, రోజుకి అయిదొందల చొప్పున ఎనిమిది నెలల పదిరోజుల్లో రాసి తీర్చాలి. ఈ లెక్క వేసినవాడెవరో మనుషుల్ని ఎరిగినవాడు. రెండొందల యాభై రోజులు ఎవరైనా కళ్ళతో చూడగలరు, ఇరవై ఏడేళ్ళు చూడలేరు. హృషీకేశంలో స్వామి శివానంద కూడా మంత్రం రాయడాన్ని గట్టిగా ప్రచారం చేశారు. 1936లో ఆయన స్థాపించిన డివైన్ లైఫ్ సొసైటీ ద్వారా అది ఊరూరా పాకింది. రోజూ అరగంట, మౌనంగా, కదలకుండా, కళ్ళు పుస్తకం మీదనుంచి తిప్పకుండా రాయమనేవారు. సన్యాసం పుచ్చుకోక ముందు ఆయన మలయాలో డాక్టరు. మోతాదు చెప్పడం డాక్టరు బుద్ధి.

మా పుస్తకం ఎలా తయారయ్యేదో చెప్పాలి. నోటుపుస్తకాలకి గీతలు కొట్టే మిషను వేరు, అది అడ్డగీతలకే. గళ్ళు కావాలంటే ట్రెడిల్ మీద అచ్చు వెయ్యాలి. ఇత్తడి రూళ్ళు నిలువూ అడ్డం బిగించి, లేత నీలం సిరాతో తావులు తావులుగా కొట్టేవారు. రూలు ఎక్కడైనా వంగితే గడి మూతి వంకర పోయేది, ఆ గడిలో నామం రాయడానికి ఆడవాళ్ళు ఒప్పుకునేవారు కాదు, పుస్తకం తిరిగి వచ్చేది. పేజీ అడుగున 'ఈ పేజీకి 108' అనీ, పక్కన మొత్తం వేసుకోవడానికి ఖాళీ గీత. మధ్యకి దారంతో కుట్టు. పిన్ను కొడితే గోదావరి గాలికి తుప్పు పట్టి నాలుగేళ్ళలో మధ్య కాగితం ఊడొస్తుంది; పదేళ్ళు దాచుకునే పుస్తకానికి కుట్టే ఉండాలని నాన్న పట్టు. అట్ట మీద సీతమ్మని ఎడమతొడ మీద కూర్చోబెట్టుకున్న భద్రాద్రి రాముడి బ్లాకు. 1963లో లవకుశ సినిమా వచ్చాక బ్లాకులు చేసేవాళ్ళు ఎంత వద్దన్నా రాముడి మొహంలోకి రామారావుగారు దూరేవారు. ఒక ఏడాది అట్ట అచ్చంగా ఆయనే. ఆ ఏడు సరుకు పండక్కి ముందే అయిపోయింది.

పిల్లల నోటుపుస్తకాలకి వాడే కాగితమే దీనికీ వాడేవాళ్ళం గానీ కొంచెం దళసరిది. ఎర్రసిరాతోనో ఆకుపచ్చతోనో రాసేవాళ్ళు చాలామంది, పల్చటి కాగితమైతే అవతలికి ఊరుతుంది. బాల్‌పెన్ను వచ్చాక ఆ బాధ తగ్గింది, ఇంకో బాధ మొదలైంది. తెల్ల ఒళ్ళు, నీలం మూతి రెనాల్డ్స్ పెన్నుతో అదిమి రాస్తే వెనక పేజీ అంతా పొక్కులు లేచేది. "బాల్‌పెన్నుకి వేగం ఎక్కువండీ, మనసు వెనకపడుతుంది" అని ఒక పింఛను మాస్టారు ఫిర్యాదు చేసేవారు. ఆయన చివరిదాకా బ్రిల్ సిరా బుడ్డే కొన్నారు.

ఆ మాస్టారి స్నేహితుడొకాయన, ఆయనా మాస్టారే, నాస్తికుడు. రామకోటి పుస్తకం చూసినప్పుడల్లా, "ఇది ఇంపోజిషనయ్యా! బడిలో మనం పిల్లలకి వేసిన శిక్ష ముసలితనంలో మనకే తగులుకుంది" అని నవ్వేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే ఆయనన్నది చరిత్రలో నిజమనిపించింది. ఒకే వాక్యం వందసార్లు రాయడం మనకి నేర్పింది ఆ బడే. గీతల పుస్తకం, గుండ్రటి రాత, మార్జిను, తప్పితే మళ్ళీ రాయడం అన్నీ అక్కడివే. కాకపోతే బడిలో అది ఒకరు వేసేది, ఇది తనకి తాను వేసుకునేది. చెయ్యి మాత్రం రెంటినీ ఒకేలా చేస్తుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మా నాన్న కొట్టు పెట్టిన రోజుల్లో ఈ పుస్తకం కొన్నవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. పింఛనుదార్లు, ప్లీడరు గుమాస్తాలు, కరణాలు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులైన ఆడవాళ్ళు నూటికి 8.86. రాయడం రానివాళ్ళకి రాసే జపం ఎక్కడిది? 1991 నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 32.72 శాతమే. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం ఊళ్ళమీద పడింది అప్పుడే. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ అందరికీ తెలుసు. అదే అక్షరాలు ఇంకో దారిన మా కొట్టుకొచ్చాయి. వయసు మళ్ళాక అ ఆలు దిద్దినవాళ్ళు, చేతికి వచ్చిన రాత పోకుండా ఉండాలని రామకోటి పుస్తకం కొనడం నేను చూశాను. సంతకం, ఆ తర్వాత రామ. మూడో మాట నేర్చుకోనివాళ్ళూ ఉన్నారు.

మగవాళ్ళు కొన్న కారణం వేరు, ఆడవాళ్ళు కొన్న కారణం వేరు. పింఛనుదారుకి పొద్దు గడవాలి. ఇల్లాలికి పొద్దు దొరకాలి. ధ్యానం గురించి చెప్పేవాళ్ళందరూ ముందు ఏకాంతం అంటారు, నిశ్శబ్దం అంటారు, ఒక గది చూసుకోమంటారు. పదిమంది తినే ఇంట్లో, ఇన్నీసుపేటలోనో ఆర్యాపురంలోనో రెండుగదుల వాటాలో, ఏ గది? కళ్ళు మూసుకు కూర్చుంటే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అంటారు. ఊరికే కూర్చుంటే "పనేం లేదా" అంటారు. పత్రిక చదువుకుంటే అసలు ఊరుకోరు. రామకోటి పుస్తకం తెరిచిందంటే మాత్రం ఇంట్లో నోళ్ళు పడిపోతాయి. "రాసుకుంటోంది, పలకరించకండి" అని అత్తగారే పిల్లల్ని అవతలికి తోలుతుంది. అరగంట ఎవరూ ఏమీ అడగరు. ఆ ఇంట్లో ఆ మనిషికి అంత హక్కు ఇచ్చిన వస్తువు అంతకు ముందు మరొకటి లేదు. పుస్తకం వెల ఎప్పుడూ సినిమా టిక్కెట్టుకి అటూ ఇటూగానే ఉండేది.

వాళ్ళు కోటి కోసం కొనట్లేదని నాన్న ఎందుకన్నారో అదీ.

గిరాకీ ఎప్పుడు పెరుగుతుందో కొట్లో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. శ్రీరామనవమి ముందు ఎలాగూ ఉంటుంది, అది పండగ బేరం. రెండోది పరీక్షల కాలం. పిల్లలు గైడ్లు కొంటారు, తల్లులు రామకోటి కొంటారు, ఒక్కోసారి ఒకే బిల్లులో. మూడోది ఆసుపత్రి. పెద్దాసుపత్రి వరండాలో కూర్చునేవాళ్ళు కబురంపి తెప్పించుకునేవారు. ఆపరేషను గది తలుపు వంక చూస్తూ కూర్చోవడం కన్నా ఒళ్ళో అట్ట పెట్టుకుని గళ్ళు నింపడం మేలు. నాలుగోది కోనసీమ వాళ్ళది. అక్కడి ఆడవాళ్ళు కువైట్‌కి, మస్కట్‌కి ఇంటిపనికి వెళ్ళడం మొదలయ్యాక, వెళ్ళేవాళ్ళు పెట్టెలో ఒకటి పెట్టుకునేవారు, ఇక్కడ ఉండిపోయిన తల్లులు ఒకటి కొనేవారు. "అక్కడ దీపం పెట్టనిస్తారో లేదోనయ్యా. పుస్తకానికి అడ్డేముంది, లెక్కల పుస్తకమనుకుంటారు" అంది ఒకావిడ.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది. లంకలు మునిగాయి, జనం బళ్ళలో, గట్ల మీద తలదాచుకున్నారు. నీళ్ళు తీసి రోడ్లు తెరిచాక మా కొట్లో మొట్టమొదట అయిపోయినవి పలకలు, తర్వాత రామకోటి పుస్తకాలు. తడిసి ముద్దయిన పాత పుస్తకాలు ఎండబెట్టి తెచ్చిన ఒక లంక రైతు భార్య, అక్షరాలు అలుక్కుపోయిన పేజీలు లెక్కకి వస్తాయా రావా అని అడిగింది. మా నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్ళలో కలిసినవి గోదావరి లెక్కలోకి వెళ్ళాయమ్మా, రాసినవి రాసినట్టే" అన్నారు. వ్యాపారస్తుడు ఒక్కోసారి పురోహితుడి పని కూడా చెయ్యాలి.

కాగితానికే కరువొచ్చిన రోజులున్నాయి. యుద్ధంలో 1944లో కాగితం మీద కంట్రోలు పెట్టారు. అప్పుడు చెల్లిపోయిన బ్యాంకు చలానాల వెనక, పాత పద్దుపుస్తకాల అంచుల్లో కూడా నామం రాశారని నాన్న చెప్పేవారు. 1970ల్లో మళ్ళీ కరువు. చదువుకునే పిల్లలకని చవక కాగితం కేటాయించేవారు. రామకోటి పుస్తకం బడిపుస్తకం కిందికి వస్తుందా రాదా అన్న మీమాంస మా వ్యాపారుల్లో నడిచింది. రాదని నాన్న తేల్చేసి, ఆ ఏడు గళ్ళ ట్రెడిల్ ఆపేశారు. కొనేవాళ్ళు వచ్చి, మామూలు నోటుపుస్తకం కొనుక్కుని, స్కేలుతో గళ్ళు వాళ్ళే కొట్టుకున్నారు. గళ్ళు కొట్టుకునే పని కూడా జపంలోనే కలిసిపోయిందని వాళ్ళలో ఒకరంటే, వచ్చే ఏడు మన గళ్ళ పుస్తకం అమ్ముడవదేమోనని నాకు గుబులు పట్టింది.

రాసే పద్ధతి ఎవరిది వాళ్ళది. ఎక్కువమంది స్నానం చేసి తెల్లవారుజామున రాస్తారు. కాలు కదపకూడదని, పేజీ మధ్యలో లేవకూడదని, రాసేదాన్ని పెదవి కదపకుండా లోపల అనుకోవాలని చెబుతారు. కొందరు ఒక్కో గడికి ఒక శ్వాస లెక్క పెట్టుకుంటారు. ఇంకొందరు గడులతో ముగ్గులా బొమ్మ వేస్తారు, ఎర్రసిరా గళ్ళు కలిసి ఆంజనేయుడు వస్తాడు. నాకు అది కొంచెం అతి అనిపిస్తుంది, ఎక్కడ ఎరుపు రావాలో చూసుకునే మనసు ఇంకెక్కడ నిలుస్తుంది? ఆర్టీసీ కండక్టరొకాయన డిపోలో బండి ఎక్కేముందు రెండు వరసలు రాసేవాడు. రెండే. "చిల్లర గొడవ మొదలవకముందు" అనేవాడు. ఆయన పుస్తకం నిండడానికి ఏళ్ళు పట్టేది, నిండాక మాత్రం తప్పకుండా మా దగ్గరే కొనేవాడు.

నిండిన పుస్తకాలు కట్టలు కట్టించుకోవడానికి మా దగ్గరికి తెచ్చేవారు. పదేసి కలిపి కాలికో అట్ట వేసి బైండు చేసేవాళ్ళం. బైండింగులో పేజీలు సరిచూడాలి కాబట్టి చూపు పడక తప్పదు. ఊరి కష్టాలు నాకు రాతలోనే తెలిసేవి. నూరు పేజీలు ముత్యాల్లాంటి రాత, ఉన్నట్టుండి ఒక పేజీలో అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి తోసుకుపోతాయి, రా దీర్ఘం పైవరసకి తగులుతుంది, కలం రెండుచోట్ల కాగితాన్ని చింపేసి ఉంటుంది. రెండు మూడు పేజీలు అలా నడిచి, నాలుగో పేజీకి మెల్లగా గడిలోకి వస్తాయి. పదో పేజీకి మళ్ళీ మామూలు. ఆ వారం ఆ ఇంట్లో ఏం జరిగిందో నేనెప్పుడూ అడగలేదు. ధ్యానం పనిచేస్తుందా అని నన్నెవరైనా అడిగితే ఆ మొదటి పేజీ, పదో పేజీ పక్కపక్కన పెట్టి చూపించగలిగేవాణ్ణి. పరాయివాళ్ళ పుస్తకాలు కాబట్టి చూపించలేదు.

కట్టలు ఎక్కువగా భద్రాచలానికే వెళ్ళేవి. 1959 దాకా అది మా తూర్పుగోదావరి జిల్లాలోదే, తర్వాత ఖమ్మానికి కలిపారు. లాంచీ మీద పాపికొండల మధ్యనుంచి వెళ్ళేవారు, బస్సులు పెరిగాక బస్సుల్లో. కొందరు కొత్తగా కట్టే రామాలయం పునాదిలో వేయించేవారు, కొన్ని ఊళ్ళలో ఇందుకోసమే స్తూపాలు కట్టి లోపల పేర్చారు. దారి ఖర్చు లేనివాళ్ళు పుష్కరాల రేవులో గోదాట్లో వదిలేవారు. అప్పచెప్పేశాక కొందరికి పుస్తకం లేకపోతే తోచదు. అటునుంచి అటే కొట్టుకొచ్చి కొత్తది తీసుకునేవారు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. ఫోనులో రామకోటి రాసే యాప్‌లు వచ్చాయి. వాడే నాకు చూపించాడు. 'శ్రీ' అని కొట్టగానే మిగతాది ఫోనే పూరిస్తోంది, లెక్క కూడా అదే కట్టేస్తోంది. రాజమండ్రి నుంచి కాకినాడ చేరేలోపు కొన్ని వేలు రాసేయొచ్చట. మూడు సెకన్ల పని అరసెకనులో అయిపోతే ఇందులో ఇంకేం మిగిలిందిరా అన్నాను. వాడు వినలేదు, వ్యాపారం ఎలా నడపాలా అని వాడి బాధ వాడిది.

వాడి బాధకి మందు అనుకోనిచోటనుంచి వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా వీధి అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు రామకోటి పుస్తకం అడిగింది. ఆఫీసు సొరుగులో పెట్టుకోవడానికట. మీటింగుకి వెళ్ళేముందు ఒక పేజీ, వచ్చాక ఒక పేజీ. అన్నీ తిరగేసి, "బాబాయ్‌గారూ, అట్ట మీద దేవుడి బొమ్మ లేకుండా ఇవ్వగలరా? టేబుల్ మీద చూసి ప్రతివాళ్ళూ అడుగుతారు, చెప్పలేక చావాలి" అంది. అబ్బాయి అప్పటికప్పుడు లోపలికెళ్ళి నాలుగు పుస్తకాలకి గోధుమరంగు క్రాఫ్టు అట్ట వేసి ఇచ్చాడు. పేరు లేదు, బొమ్మ లేదు, లోపల మాత్రం అవే గళ్ళు, పేజీకి 108. నెల తిరక్కుండా ఆ అమ్మాయి స్నేహితులకని ఇంకో ఇరవై కొరియరులో పంపమంది. వాళ్ళలో ఒకరు గళ్ళలో అల్లా పేరు రాస్తారట, ఇంకొకరు ఏ దేవుడి పేరూ రాయరు, వాళ్ళ పాప పేరు రాస్తారట. ఇప్పుడు మా అబ్బాయి దాన్ని విడిగా 'గళ్ళ పుస్తకం' అని బిల్లు కొడుతున్నాడు, రాముడి అట్ట దానికన్నా అయిదు రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాడు.